అర్థం లేని మాటల పట్టీ

అప్పగించిన పని చిన్నదే.
పన్నెండు మాటలు. ఒక్కొక్కటీ నేనంటే పిల్ల తిరిగి అనాలి.
ఏ మాటకీ అర్థం ఉండకూడదని
భువనేశ్వర్‌లో తలుపులేసుకుని కూర్చుని అల్లారట.
అర్థం తగిలితే జ్ఞాపకం కొలత చెడిపోతుందట.

గుణుపురం నుంచి జీపు, కొండ మొదట్లో దిగి నడక.
సంచిలో బొమ్మల అట్టలు, స్టాప్‌వాచి,
బిడ్డకో పెన్సిలు, రెండేసి బిస్కెట్లు.
వెనక్కి చూస్తే వంశధార మీద మంచు ఇంకా లేవలేదు.

బడి వరండాలో సుంబారి రయిత.
వయసెంతని వాళ్ళమ్మనడిగితే
"ఇది పుట్టిన ఏడు మావిడి కాయలేదు" అంది.
ఆరు అని రాసుకున్నాను.

ఫ్రిజ్ బొమ్మ చూసి
డబ్బులిచ్చే పెట్టె అంది సుంబారి.
సున్నా.

ఇక మాటలు.
ఒకటి అన్నాను, అంది. రెండు, అంది.
నా నోటి వంకర కూడా కలిపి అంది.
ఆరు దాకా పరుగే.
ఏడోది "కినా".

ఆగిపోయింది.
గౌను మోకాళ్ళ మీదికి లాక్కుని
నా భుజం మీదుగా కొండకేసి చూసింది.
చేతిలో గడియారం పది సెకన్లు నడిచింది.
రెండోసారి చెప్పకూడదని నిబంధన.
కాగితంలో రెండే గళ్ళు: చెప్పింది, చెప్పలేదు.
చెప్పలేదు.

అన్నం వండే ఆవిడ గరిటెతోనే వచ్చింది:
"ఏటమ్మా, పట్టపగలు పిల్లదాన్ని కూకోబెట్టి
పులీ పులీ అని పిలిపిస్తన్నావు?
కొండ పక్కన దాని పేరెత్తొచ్చా?"

సవర రాదు నాకు. ఎదురుగా ఉన్న పిల్లకి వచ్చు.
మా ఇద్దరిలో పరీక్ష ఎవరికి జరుగుతోందో
ఆ కాసేపు తేల్చుకోలేకపోయాను.

నాకూ ఒకప్పుడు సున్నాలే.
ఇంట్లో కనకాన్ని, ఒడియా బడి హాజరు పట్టీలో కొనొకొని.
మొదటి రోజు రెండుసార్లు పిలిచినా పలకలేదని
మాస్టారు చెవి మెలేశాడు.
ఎవరో కొనొకొ రాలేదు పాపం, జొరమేమో
అనుకుంటూ కూచున్నాను నేను.
ఇప్పటికీ ఎక్కాలు ఒడియాలో వస్తాయి, తిట్లు తెలుగులో.
బాకీ లెక్క చూస్తూ కోపమొస్తే మాత్రం
ఏ నోరూ తెరుచుకోదు.

మొహాపాత్రొ సార్‌కి ఫోన్ చేశాను.
మంచివాడు. నవ్వాడు, రాసుకున్నాడు,
"నిజంగా పులేనా?" అని మళ్ళీ అడిగాడు.
"అయితే ఏడోది తీసేద్దాం, పిల్లలందరికీ."
"మరి సుంబారికి?"
"దానికేముంది, మార్కు రాదు, పోదు."
తెలిసీ నోట్లోనే పట్టి ఉంచిన ఆ పది సెకన్లు
ఎవరి పట్టీలోనూ లేవు.
నా వేలి మీద గడియారం మీట గుర్తు మాత్రం
సాయంత్రం దాకా ఉంది.

తర్వాతి సంతలో కనిపించింది,
అడ్డాకుల కట్టల వెనక.
తల్లితో సవరలో ఏదో గొణిగి,
బేరమాడేవాడితో "ఇరవైకి రావు బాబూ" అని,
దారి తప్పిన కానిస్టేబుల్‌కి ఒడియాలో బస్టాండు చూపించి,
నన్ను చూసింది.
ఏ భాషలోనూ పలకరించలేదు.
రెండు చేతుల వేళ్ళూ గోళ్ళలా వంచి
మొహానికి అటూ ఇటూ పెట్టుకుని
పళ్ళు బయటపెట్టింది.
సంత మధ్య కదా, కొండ దూరం కదా,
అయినా శబ్దం లేకుండా.

ఆ రాత్రి లాడ్జి గదిలో
మిగిలిన పదకొండు మాటలూ తీశాను.
ఏది ఎవరి ఇంట్లో దేని పేరో,
ఏ దుంపో, ఏ జబ్బో, ఏ చచ్చిపోయిన మేనత్తో.
మెల్లగా పైకి చదివాను,
ముందు కిటికీ మూసి.